కంప అడ్డం పెట్టిన ఇళ్లు

మా ఇంట్లో ముందు గది గోడకు ఒక ప్రశంసాపత్రం వేలాడుతుంటుంది. అద్దం మీద మరకలు పడ్డాయి, కింద అధికారి సంతకం వెలిసిపోయింది. మొన్న గణాంక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు నన్ను చూడటానికి వచ్చారు. దాన్ని చదివి, "ఇది ఏ పనికి ఇచ్చారు సార్?" అని అడిగారు. జనాభా పెరుగుదల మీద ఒక నోట్ రాసినందుకు అన్నాను. మర్యాదగా తలలూపారు, టీ తాగారు, కంప్యూటర్లు లేకుండా ఇంత లెక్క ఎట్లా చేసేవారో అని ఆశ్చర్యపోయి వెళ్లిపోయారు. వాళ్లు గేటు దాటగానే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఆ పటం తీసెయ్యమంటే తియ్యవు, ఎవరన్నా అడిగితే అసలు సంగతి చెప్పవు. ఎందుకు మరి గోడకు?" అని విసుక్కుంది.

ఆమె అన్నది నిజమే. అందుకే ఇది రాస్తున్నాను. పిల్లలూ, మీరు అడిగిన దానికి సరైన జవాబు ఇది. చదివాక మళ్లీ మా ఇంటికి రావాలనిపించకపోతే నేనేమీ అనుకోను.

నేను పుట్టింది రామన్నపేట దగ్గర పల్లెలో. భువనగిరిలో డిగ్రీ చదివాను. లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవి, ఆ పొగరు కొంత ఉండేది. ఎనభైల మొదట్లో మహబూబ్‌నగర్ జిల్లా కార్యాలయంలో గణాంక సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. మా ఆవిడది రామన్నపేటలో టీచర్ ఉద్యోగం. ఆడపిల్లలిద్దరూ ఆమె దగ్గరే. శనివారం ఆఫీసు వదలగానే బస్సెక్కి, హైదరాబాద్‌లో ఇంకో బస్సు మారి నేను ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్లు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ బస్సు. చిన్నది నన్ను "ఆదివారం నాయిన" అని పిలిచేది. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. మా సొంత జిల్లా నల్గొండకు బదిలీ చేయమని ఏటా ఒక అర్జీ పెట్టుకునేవాణ్ని. అవి ఏ అల్మారాలో చేరేవో తెలిసేది కాదు. ఈ బదిలీ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా పని మీకు తెలిసిందే. ఒక ఊరి జనం పదేళ్లలో ఎంత పెరిగారంటే, పుట్టినవాళ్లలోంచి చచ్చిపోయినవాళ్లను తీసేసి, వచ్చినవాళ్లను కలిపి, వెళ్లిపోయినవాళ్లను తీసెయ్యాలి. పుట్టినవాళ్లూ చచ్చిపోయినవాళ్లూ రిజిస్టర్లలో ఎంతో కొంత దొరుకుతారు. వచ్చిపోయేవాళ్లు దొరకరు. వలసల పట్టికలు రాష్ట్రం మొత్తానికి కలిపి ఎన్నో ఏళ్ల తర్వాత అచ్చయి వచ్చేవి. అందులో ఎక్కడ పుట్టావు, ఇంతకుముందు ఎక్కడ ఉన్నావు, ఎన్నేళ్లయింది, ఎందుకొచ్చావు అన్న గళ్లు ఉండేవి. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్ల కూడా అందులో వలసదారే. దీపావళి వెళ్లాక మన్ను పనికి పోయి, మృగశిర కార్తెకు తిరిగొచ్చి జొన్నలు విత్తుకునే మనిషికి మాత్రం ఆ పట్టికలో గడి లేదు. పాలమూరు జిల్లాలో సగం బతుకు అదే. ఆ సంగతి నాకు తెలియదని అనను. ఎర్రటి ఎండలో, ముల్లెలు నెత్తిన పెట్టుకుని బస్టాండులో కూర్చున్న మనుషులను వారం వారం చూసేవాణ్ని. వాళ్ల పక్కనుంచే నడిచి నా బస్సెక్కేవాణ్ని.

తొంభై ఒకటిలో జనాభా లెక్కలు జరిగాయి. ఎండలు ముదిరేసరికి మండలాల నుంచి ఊళ్ల మొత్తాలు మా దగ్గరికి చేరాయి. జిల్లా మొత్తం బాగానే పెరిగింది. మక్తల్ వైపు కొన్ని ఊళ్లు మాత్రం పెరగాల్సింది పోయి, పదేళ్ల కిందట ఉన్నచోటే ఆగిపోయాయి. రెండు మూడయితే ఇంకా తగ్గాయి. కారణం వివరిస్తూ నోట్ రాయమని పెద్ద అధికారి నాకు అప్పగించారు.

వలస కావచ్చని నాకూ తోచింది. అయితే దాన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉందనుకున్నాను. లెక్క రాసేవాళ్లు ఇంటింటికీ తిరిగేటప్పుడు తాళం వేసిన ఇళ్లు వేరుగా, ఖాళీగా పడి ఉన్న ఇళ్లు వేరుగా గుర్తు పెడతారు. మనుషులు వలస పోతే తాళాలు ఎక్కువ కనిపించాలి కదా? ఆ కాగితాలు తెప్పించి చూశాను. ఆ ఊళ్లలో తాళాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. ఖాళీ ఇళ్లు మాత్రం చాలా ఉన్నాయి. ఖాళీ ఇళ్లంటే పాతబడి వదిలేసినవి అనుకున్నాను. తాళాలు లేవు కాబట్టి ఎవరూ ఎక్కడికీ పోలేదు, ఎవరూ పోలేదు కాబట్టి పుట్టుకలే తగ్గి ఉండాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జాబితా చూస్తే ఆ మండలంలో అవి దండిగా జరిగాయి. ఇంకేం కావాలి? స్కేలు పెట్టి గీతలు గీసి, పట్టికలు కట్టి, "చిన్న కుటుంబ భావన మారుమూల గ్రామాలకు సైతం చేరినందున" అంటూ నాలుగు పేజీలు రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు ఎంత ముచ్చటేసిందో ఇప్పటికీ గుర్తుంది.

నోట్ అందరికీ నచ్చింది. ఆరోగ్య శాఖవాళ్లకు మరీ నచ్చింది. హైదరాబాద్‌లో ఏదో సమావేశంలో చదివారని చెప్పారు. ప్రశంసాపత్రం ఇచ్చారు. మా ఆవిడే దానికి పటం కట్టించింది.

మా సూపరింటెండెంట్ ఒక్కరే ఏమీ అనలేదు. ఆయన మహబూబ్‌నగర్ పాత బస్తీ సాయిబు, పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి. నోట్ మీద పొడి అక్షరాలు వేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఖత్ బాగుంది నీది" అన్నారు. చేతిరాత గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అసూయ అనుకున్నాను.

ఆ నోట్ వెంట ఒక పని మొదలైంది. పల్లెల్లో నర్సు ఉండే ఉప కేంద్రాలను జనాభాను బట్టి మళ్లీ సర్దాలన్నారు. జనం తగ్గిన ఊళ్ల నుంచి నర్సులను తీసి, జనం పెరిగిన రోడ్డు మీది ఊళ్లకు పంపాలి. జాబితా తయారు చేసింది నేనే. మా లెక్క ప్రకారం మొట్టమొదట పోవాల్సిన నర్సు, మక్తల్‌కు అవతల, వాగు దాటాక ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉంది. సమావేశానికి ముందు ఒకసారి ఆ ఊరు చూసి రమ్మన్నారు. అది తొంభై రెండు జనవరి.

మక్తల్‌లో బస్సు దిగేసరికి, ఊరివాళ్లు నర్సమ్మ అని పిలిచే ఆ నర్సు నా కోసం నిలబడి ఉంది. ఆమెకు నలభై దాటి ఉంటాయి. మక్తల్‌లోనే పుట్టిపెరిగిన ముస్లిం ఇంటి ఆడపడుచు. వాగవతల పనిచేసే ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. ఇద్దరం నడిచి, ఎండిపోయిన వాగు ఇసుకలో దిగి, అవతల గట్టెక్కాం. దారిలో ఆమె ఒక్క మాటే అడిగింది.

"నన్ను గీడికెళ్లి తీసేస్తరట గదా సార్?"

"ఇంకా ఏమీ ఖాయం కాలేదమ్మా" అన్నాను.

ఊళ్లోకి అడుగుపెట్టగానే నా నోట్ నిజమేననిపించింది. వీధులు బోసిగా ఉన్నాయి. ఇంటి తర్వాత ఇంటికి వాకిట్లో తుమ్మ కంప అడ్డం పడేసి ఉంది. ముళ్లు బయటికి పెట్టి, ద్వారబంధానికి తాడుతో బిగించారు. కొన్నిటికి తలుపు ఉంది, కొన్నిటికి తడికే.

"ఇన్ని పాడుబడిన ఇళ్లున్నాయేమమ్మా ఈ ఊళ్లో?" అన్నాను.

నర్సమ్మ నా మొహం వంక చూసింది. పక్కనున్న అరుగు వైపు తిరిగి, "అవ్వా, సారు ఇవి పాడుబడ్డ ఇండ్లా అని అడుగుతుండు" అంది.

అరుగు మీద కూర్చున్న ముసలామె కంది పుల్లలు కట్ట కడుతోంది. చేతిలో పని ఆపి నవ్వింది.

"పాడువడుడు ఏంది బిడ్డా! పనికి పోయిన్రు. బొంబై అవుతల డ్యాము కడుతున్నరట, ఆడికి. గుంపు మేస్త్రి లారీల ఎక్కించుకపోయిండు. మిరుగానికి వస్తరు."

"మరి తాళం వేసుకోరా?"

"తాళం కప్ప ఎందుకు? లోపల ఏముందని? మేకలు, కుక్కలు జొరవడకుంట కంప చాలు. మా అత్త కాలం నుంచి గంతే. అప్పుడు నాలుగిండ్లోళ్లే పోతుండిరి, ఇప్పుడు సగం ఊరు పోతుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. జేబులోంచి ఆ ఊరి ఇళ్ల జాబితా తీసి చూశాను. ఖాళీ ఇళ్లు అని రాసినవన్నీ ఇవే. లెక్క రాసిన మాస్టారు పట్నం నుంచి వచ్చి బడిలో చేరిన మంచి మనిషి, ఒక్క గడి కొట్టివేత లేకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. తాళం ఉన్నచోట తాళం అని, లేనిచోట ఖాళీ అని రాశాడు. ఆయనది తప్పు అనడానికి నాకు నోరు రాదు. కంప అంటే ఏమిటని ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని కూడా ఆయనకు తోచి ఉండదు. దాని మీద కథ అల్లింది నేను.

"నీ ఇంట్లో ఎంతమందిని రాసుకున్నారు అవ్వా?"

"నన్నొక్కదాన్నే. ఇంట్ల ఎవరున్నరని సారు అడిగిండు. నేనే ఉంటి. కొడుకు, కోడలు పనికాడ ఉండిరి. ఉన్నమాటే చెప్పిన."

తర్వాత గొంతు తగ్గించి, ఆడవాళ్ల సంగతి అన్నట్టు నర్సమ్మతోనే చెప్పడం మొదలుపెట్టింది, నేనూ విన్నాను. కోడలు మళ్లీ నీళ్లోసుకుందని పనికాడి నుంచి కబురొచ్చింది. మొదటి కడుపు పనికాడే పోయింది, మన్ను తట్ట మోస్తుండగా. ఈసారి మృగశిరకు రాగానే కదలనియ్యదట. శ్రావణంలో కాన్పు. కోడల్ని నర్సమ్మ చేతుల్లో పెట్టాలనుకుంటోంది.

"గీ నర్సమ్మ ఉన్నదనే ధైర్నం బిడ్డా. ఆనలు వడ్డంక వాగొస్తది. ఎడ్లబండి గూడ దాటది. గామెను తీస్కపోకు."

"తీసుకుపోం అవ్వా. నేను చెప్తాను కదా" అన్నాను.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. తాగాను. మాట ఇచ్చి మజ్జిగ తాగిన మనిషిని నేను. దీన్ని మీరు మరిచిపోకండి, నేనైతే మరిచిపోలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే సూపరింటెండెంట్ గారికి సంగతంతా చెప్పాను. ఆయన పాన్ నములుతూ విన్నారు.

"కంప సంగతా? నాకు తెల్వదా భాయ్? మాది గీ జిల్లానే గదా. నీ నోట్ చదివిన నాడే సమజైంది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా సార్!"

"నన్ను అడిగినవా? స్కేలు వట్టుకొని గీతలు కొట్టుకుంట కూసుంటివి. అందరు వాహ్ వా అంటుండ్రి. నడుమ నేనెందుకు?"

"ఇప్పుడు సవరించి రాస్తాను."

"ఏం సవరిస్తవు? జనాభా లెక్క బందైంది. పదేండ్ల దాక గా ఊరు గంతే. నువ్వు సవరించేది నీ నోట్. నాది తప్పు, మెచ్చుకున్నోళ్లది తప్పు అని రాయాలె. రాస్తవా?"

"రాస్తాను."

ఆయన నా వంక చాలాసేపు చూశారు. ఎగతాళి లేదు ఆ చూపులో. "రాయి మరి" అన్నారు.

రాశాను కూడా. ఒకటిన్నర పేజీ. కవర్లో పెట్టి, సమావేశంలో స్వయంగా ఇద్దామని దాచుకున్నాను.

సమావేశం రోజు ఉదయం పెద్ద అధికారి నన్ను ముందుగా తన గదికి పిలిచారు. చెడ్డ మనిషి కాదు, ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. "మీ బదిలీ ఫైలు చూశానండీ. నల్గొండలో ఒక ఖాళీ వస్తోంది. మీలాంటివాళ్లను వదులుకోవడం కష్టమే అనుకోండి, అయినా సిఫారసు చేసి పంపుతాను" అన్నారు. నేను చేతులు జోడించాను. ఆ క్షణంలో కవరు జేబులోనే ఉంది. గుండెకు తగులుతూ ఉంది.

సమావేశంలో పదిహేనుమంది దాకా ఉన్నారు. జాబితా చదివారు. వాగవతల ఊరి పేరు వచ్చినప్పుడు అధికారి నా వైపు తిరిగి, "మీరు చూసి వచ్చారు కదా, ఎలా ఉంది?" అని అడిగారు.

లేచి నిలబడ్డాను. సూపరింటెండెంట్ గారు గోడ వారగా కూర్చుని నన్నే చూస్తున్నారు. కవరు తీయాలి. తీస్తే ఇదే గదిలో, ఈ మనుషుల ముందే, మీరు మెచ్చుకున్నది చెత్త అని చెప్పాలి. పొద్దున చేతులు జోడించిన మనిషికే చెప్పాలి. చిన్నది నన్ను ఆదివారం నాయిన అంటుందని గుర్తొచ్చింది.

"ఇళ్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి సార్" అన్నాను.

అబద్ధం కాదు. ఆ రోజుకు ఆ ఇళ్లలో ఎవరూ లేరు. అధికారి పెన్నుతో టిక్కు పెట్టి తర్వాతి ఊరి పేరు చదివారు. నేను కూర్చున్నాను. అంతే జరిగింది. మీరు ఇంకేదో పెద్ద ఘట్టం వస్తుందని ఎదురుచూస్తుంటే నిరాశపడతారు. నా ఉద్యోగ జీవితంలో అతి పెద్ద తప్పు ఐదే మాటల్లో అయిపోయింది. సమావేశం ముగిశాక అందరికీ ఉప్మా పెట్టారు, నేనూ తిన్నాను.

ఎండాకాలంలో నర్సమ్మను రోడ్డు మీది ఊరికి మార్చారు. జూన్‌లో మృగశిర వచ్చింది. నేను పాపభయంతో ఒకటి రెండుసార్లు మక్తల్ వెళ్దామనుకున్నాను, వెళ్లలేదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. జిల్లాలో అందరూ సంబరపడుతున్నారు. నేను పొద్దున్నే పేపర్లో వాన వార్త చదివి, వాగును తలుచుకునేవాణ్ని.

ఆగస్టు చివర్లో నర్సమ్మ నెలవారీ రిపోర్టు ఇవ్వడానికి మా కార్యాలయానికి వచ్చింది. కాగితాలు వేరే బల్ల మీద ఇచ్చి, తిన్నగా నా దగ్గరికి వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"గా అవ్వ కోడలు పోయింది సార్."

చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాను.

"పొద్దుగాల నొప్పులు మొదలైనయట. మంత్రసాని చూసింది. బిడ్డ పుట్టినంక నెత్తురు ఆగలే. నాకు కబురంపిన్రు. నేను ఉరికొచ్చిన. వాగు నిండుగ ఉన్నది. గీ దిక్కు నేను, గా దిక్కు బండిల ఆమె. నాకు కనవడుతుండె సార్. అవ్వ నన్ను పిలుస్తుండె. సూది మందు నా సంచిలనే ఉండె. వాగు తగ్గేటాళ్లకు మాపటేళ అయింది. అంతల…"

ఆమె ఏడవలేదు. నా బల్ల మీద ఉన్న పేపర్ వెయిట్ వంక చూస్తూ చెప్పింది. బిడ్డ బతికింది, ఆడపిల్ల. చివరికి, "మీరు చెప్తనంటిరి గదా సార్" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ వారం ఇంటికి వెళ్లలేదు. శనివారం బస్సెక్కి మక్తల్ వెళ్లాను. వాగు మోకాలి లోతుకు తగ్గింది. ఊళ్లో ఏ వాకిలికీ కంప లేదు. ప్రతి ఇంటి ముందూ మనుషులున్నారు, పొయ్యిలు వెలుగుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు. నేను నాలుగు పేజీల్లో జనం తగ్గారని రాసిన ఊరు నిండుగా ఉంది. ఏ ఉద్యోగికీ తన తప్పు అంత స్పష్టంగా, అంత సందడిగా ఎదురుపడి ఉండదు.

అవ్వ అరుగు మీదే ఉంది. ఒళ్లో పసిబిడ్డ. మేకపాలలో గుడ్డ ముంచి చీకిస్తోంది. నన్ను గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మాటిచ్చిపోతివి గదా బిడ్డా" అంది, అంతే.

"తప్పు చేశాను అవ్వా."

ఆమె కొడుకు పాతికేళ్ల మనిషి, గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, మొన్నటి లెక్కల్లో పనికాడ మిమ్మల్ని రాసుకున్నారా అని అడిగాను. ఇంత జరిగాక కూడా నేను అడిగింది లెక్క గురించే.

"ఎవరో వచ్చిన్రు సార్, బుక్కులు వట్టుకొని. మేస్త్రి అడ్డం వచ్చిండు. ఈళ్లందరు ఊర్ల రాయించుకొనే వచ్చిన్రు అని చెప్పి పంపిండు. ఎంతమందిమి ఉన్నమో తెలుస్తే ఆనికి తక్లీఫ్ గదా."

"అంటే నిన్నూ నీ భార్యనూ ఎక్కడా రాసుకోలేదు."

"యాడ లేదు."

అవ్వ తలెత్తింది. "ఇప్పుడు రాసుకున్నరు గదా. సచ్చిపోయిందని పంచాయతి సారు బుక్కుల రాసిండు. పేరు గూడ అడిగి రాసిండు."

అవును. పుట్టుక చావుల రిజిస్టర్‌లో ఆ అమ్మాయి పేరు ఎక్కింది. సర్కారు కాగితం మీద ఆమె మనిషిగా కనిపించింది ఆ ఒక్కసారే. లేచి వచ్చాను. ఆ రోజు నాకు మజ్జిగ ఇవ్వలేదు. ఇవ్వాలని నేనూ అనుకోలేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఆ ఏడాది చివర, ఊళ్లవారీగా చావుల లెక్కలు కట్టినప్పుడు ఆ ఊరి మరణాల రేటు చుట్టుపక్కల ఊళ్లన్నిటి కంటే ఎక్కువ తేలింది. తేలకుండా ఎట్లా ఉంటుంది? చచ్చిపోయినప్పుడు లెక్కకెక్కినవాళ్లు, బతికున్నప్పుడు లెక్కకెక్కలేదు. భాగహారంలో పైన మొత్తం ఊరి చావులు, కింద కంప లేని ఇళ్ల మనుషులు మాత్రమే. హైదరాబాద్ నుంచి కాగితం వచ్చింది. ఈ గ్రామంలో మరణాల రేటు అసాధారణంగా ఉన్నందున కారణం వివరించవలసిందిగా అని. సూపరింటెండెంట్ గారు దాన్ని నా బల్ల మీద పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు.

ఈసారి రాశాను. తొంభై ఒకటిలో వలస వెళ్లిన కుటుంబాల ఇళ్లను ఖాళీ ఇళ్లుగా నమోదు చేశారని, ఆ సంగతి గ్రహించకుండా జనాభా తగ్గుదలకు నేను తప్పుడు కారణం చూపానని, దాని ఆధారంగా నర్సును తీసివేసినందున ఒక బాలింత చనిపోయిందని, నర్సును తిరిగి అక్కడే నియమించాలని రాశాను. జనవరిలో దాచుకున్న కవరు కూడా జతచేశాను. సూపరింటెండెంట్ గారు పూర్తిగా చదివి సంతకం పెట్టారు. ఈసారి చేతిరాత ఊసెత్తలేదు.

రెండు రోజులకు అధికారి గదిలోంచి కాగితం తిరిగొచ్చింది. నా పేరాల మీద అడ్డంగా ఒకే గీత. పక్కన ఆకుపచ్చ సిరాతో, "మరణాల నమోదు మెరుగుపడినందువలన రేటు పెరిగినట్లు కనిపించుచున్నది" అని రాసి ఉంది. దాన్నే శుభ్రంగా టైపు చేయించి, సంతకం పెట్టి పంపమన్నారు. దాని కింద క్లిప్పు పెట్టి ఇంకొక కాగితం ఉంది. నల్గొండకు నా బదిలీ ఉత్తర్వు.

సంతకం పెట్టాను. సంతకం పెట్టకపోతే ఏమయ్యేదని మీరు అడగొచ్చు. బహుశా ఏమీ అయ్యేది కాదు. ఇంకొకరు పెట్టేవారు. ఆ మాట చెప్పుకుని చాలా ఏళ్లు నిద్రపోయాను. ఇప్పుడు ఆ మాట పనిచేయడం లేదు. ఆ నర్సు మళ్లీ ఆ ఊరికి రాలేదు. మా చిన్నది నన్ను ఆదివారం నాయిన అనడం మానేసింది. వారం రోజులూ ఇంట్లో ఉండే నాయినను చూసి, ఎందుకిట్లా మాట్లాడకుండా కూర్చుంటాడని వాళ్లమ్మను అడిగేది. ప్రశంసాపత్రం గోడకు ఉండనిచ్చాను. పొద్దున లేవగానే కనబడాలి.

నల్గొండలో చేరడానికి ముందు నాలుగు రోజులు గడువు దొరికింది. ఒకసారి ఆ ఊరు వెళ్లాను. ఎందుకో నాకే తెలియదు. పసిపిల్లకు ఒక ఉన్ని టోపీ కొన్నాను. సంక్రాంతి దగ్గరపడింది, వాగు మళ్లీ ఇసుకగా మారింది. ఊళ్లో అలికిడి లేదు.

అవ్వ ఇంటి ముందుకు వెళ్లి నిలబడ్డాను. ఆ వాకిలికి అంతకుముందు ఎప్పుడూ కంప లేదు, ఆమె ఎక్కడికీ పోయేది కాదు కాబట్టి. ఇప్పుడు ఉంది. పచ్చి తుమ్మ కంప, ముళ్లు బయటికి పెట్టి ద్వారబంధానికి తాడుతో బిగించి ఉంది. తల్లి లేని బిడ్డను పనికాడ చూసుకోవడానికి మనిషి కావాలి కదా, కొడుకు వెంట ఆమె కూడా లారీ ఎక్కి ఉంటుంది. ఆ ఇంట్లో కిందటి లెక్కల్లో ఒక్క మనిషి ఉండేది. ఇప్పుడు ఆ ఒక్క మనిషీ లేదు.

కంప పక్కనే అరుగు మీద కూర్చున్నాను. ఇది ముగ్గురు మనుషుల ఇల్లు, ఖాళీ ఇల్లు కాదు, వాళ్లు మృగశిరకు తిరిగి వస్తారు, ఆ ముగ్గురిలో ఒకరికి ఇంకా నడకే రాలేదు. అదంతా ఇప్పుడు నాకు తెలుసు, ఏ గడిలో ఎట్లా రాయాలో కూడా తెలుసు. లెక్కలు మళ్లీ రావడానికి ఎనిమిదేళ్లు ఉంది. టోపీని కంపకు తగిలిద్దామనుకున్నాను గానీ మేకలు లాగేస్తాయని మానేసి, చేతిలో పట్టుకుని వాగు దాటి వచ్చాను.